బీహార్ కంటే కేరళలో చావులెక్కువ

2020 మే నెల. లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కూలీలు నలుమూలల నుంచీ సొంతూళ్ళకు మళ్ళుతున్న రోజులు. ఆ రోజుల్లో ఒక శ్రామిక్ రైలు మాత్రం ఎదురు నడిచింది. బీహార్‌లోని ఖగడియాలో బయల్దేరి హైదరాబాద్ శివారు లింగంపల్లిలో ఆగింది. దిగిన రెండు వందల పైచిలుకు మందీ రైస్ మిల్లు హమాలీలు. యాసంగి వడ్లు మిల్లులకు వచ్చి పడుతున్నాయి, బస్తా దించే భుజం లేదు. స్టేషన్ నుంచి బస్సులెక్కించి వాళ్ళను పంపిన ఊళ్ళలో మిర్యాలగూడ ఒకటి.

సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు రాకముందు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ చుట్టుపక్కల చాలా భాగం మెట్టే. 1967లో కాలువలు పారాక వరి వచ్చింది, వరి వెంట మిల్లులొచ్చాయి, మిల్లుల వెంట దూరాభారం నుంచి కూలీలొచ్చారు. ఇవాళ ఆ మిల్లుల్లో హమాలీ పని చేసేవాళ్ళలో బీహారీలు ఎక్కువ. ఏ మిల్లుకైనా వెళ్ళి వాళ్ళుండే రేకుల గదుల వరసను చూడండి. ఇరవై నుంచి నలభై ఏళ్ళ లోపు మగవాళ్ళు. ముసలివాళ్ళు లేరు, చంటిపిల్లలు లేరు. తల్లిదండ్రులు, భార్యాబిడ్డలు అక్కడ ఖగడియాలోనో, దర్భంగాలోనో ఉన్నారు. వంద మంది ఉన్న అలాంటి వరసలో ఏడాది పొడుగునా ఒక్క చావు కూడా జరగకపోవచ్చు. అంతమాత్రాన ఊక దుమ్ము, బాయిలర్ వేడి, యాభై కిలోల బస్తాల మధ్య సాగే ఆ బతుకు తెలంగాణలోకెల్లా ఆరోగ్యకరమైనదని ఎవరూ అనరు. చావు లేకపోవడానికి కారణం మిల్లు కాదు, వయసు.

ఇంత తేలిగ్గా కనిపించే సంగతే రాష్ట్రాల దగ్గరికీ దేశాల దగ్గరికీ వచ్చేసరికి మరిచిపోతాం.

మన దేశంలో మరణాల రేటుకు అందరూ చూసే లెక్క రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం ఇచ్చే నమూనా నమోదు విధానం, పొడి అక్షరాల్లో ఎస్సార్‌ఎస్. 1960ల మధ్యలో ప్రయోగంగా మొదలై ఆ దశాబ్దం చివరికి దేశమంతటా నిలదొక్కుకుంది. దాని పనితీరు చెప్పుకోదగ్గది. ఎంపిక చేసిన ఊళ్ళలో, పట్టణపు బ్లాకుల్లో స్థానికంగా ఉండే ఒక వ్యక్తి, చాలాచోట్ల అంగన్‌వాడీ కార్యకర్తో టీచరో, పుట్టుకనూ చావునూ ఎప్పటికప్పుడు రాసుకుంటూ ఉంటారు. ఆర్నెల్లకోసారి బయటి నుంచి సూపర్‌వైజర్ వచ్చి, ఆ పుస్తకం చూడకుండా, గడపగడపకూ తిరిగి మళ్ళీ లెక్క రాస్తాడు. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి, ఒకదానిలో ఉండి ఇంకోదానిలో లేని ప్రతి పేరు కోసమూ తిరిగి ఆ ఇంటికి వెళ్తారు. ఇప్పుడు దేశంలో ఇలాంటి నమూనా యూనిట్లు ఎనిమిది వేలకు పైగా ఉన్నాయి.

ఆ లెక్క 2020కి చెప్పిన మరణాల రేట్లు ఇవి. వెయ్యి మందికి బీహార్‌లో 5.4, తెలంగాణలో 6.0, ఆంధ్రప్రదేశ్‌లో 6.3, కేరళలో 7.0. ఢిల్లీ అన్నిటికంటే బాగా కిందికి, 3.6.

ఈ వరసను నమ్మితే మన మిల్లు హమాలీ కేరళలో కంటే ఖగడియాలో ఉండటమే ఒంటికి మంచిది. కానీ అదే పత్రంలో పక్క గడి చూడండి. పుట్టిన వెయ్యి మంది పిల్లల్లో ఏడాది నిండకుండా పోయేవాళ్ళు కేరళలో 6, బీహార్‌లో 27. 2014-18 ఆయుర్దాయం పట్టికల్లో కేరళకు 75 ఏళ్ళు దాటింది, బీహార్‌కు 69 మాత్రమే. పసితనం నుంచీ గండాలు తక్కువగా ఉండి, ఎక్కువ కాలం బతుకుతున్న రాష్ట్రంలో చావుల రేటు ఎక్కువ! రెండు లెక్కల్లో ఏదీ తప్పు కాదు. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

మనిషికి చావు భయం వయసును బట్టి మారే తీరు విచిత్రంగా ఉంటుంది. పుట్టిన మొదటి నెలల్లో ఎక్కువ. అక్కణ్ణుంచి జారుతూ పదేళ్ళ వయసు దగ్గర అట్టడుగుకు చేరుతుంది; నాలుగైదు తరగతులు చదివే పిల్లల కంటే క్షేమంగా ఉండే మనుషులు ఏ దేశంలోనూ లేరు. యవ్వనంలో రోడ్డు ప్రమాదాలు, ఆత్మహత్యలు, కాన్పు కష్టాలతో కొంచెం లేస్తుంది. ముప్పై దాటాక ఇక ఆగదు, దాదాపు ఎనిమిదేళ్ళకోసారి రెట్టింపవుతూ పోతుంది. ఈ రెట్టింపు క్రమాన్ని 1825లో బెంజమిన్ గోంపెర్ట్జ్ అనే లండన్ బీమా గణికుడు సూత్రంలో పెట్టాడు. బీమా కంపెనీలు ఇప్పటికీ ఆ దారినే నడుస్తున్నాయి. ఎనిమిదేళ్ళకో రెట్టింపు అంటే నలభై ఏళ్ళవాడికీ ఎనభై ఏళ్ళవాడికీ మధ్య ఐదు రెట్టింపులు, ముప్పై రెండు రెట్ల తేడా. కాబట్టి ఏ జనాభాలోనైనా పెద్దవాళ్ళ వంతు కాస్త పెరిగితే చాలు, మిగతావన్నీ ఎంత బాగున్నా మొత్తం రేటు పైకి లేస్తుంది.

2011 జనాభా లెక్కల్లో అరవై దాటినవాళ్ళు కేరళలో నూటికి 12.6, బీహార్‌లో 7.4. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 9.8తో మధ్యలో ఉంది. మరణాల రేటు వరసలోనూ మనం మధ్యలోనే ఉన్నామని గమనించే ఉంటారు. ఢిల్లీ సంగతీ ఇంతే. బతుకుదెరువుకు వచ్చే పడుచువాళ్ళతో నిండిన నగరం అది. ఒళ్ళు అలిసినవాళ్ళలో చాలామంది తిరిగి ఊరు చేరుకుంటారు, వాళ్ళ చావు ఊరి లెక్కలో పడుతుంది.

దేశాల్లోకి వెళ్తే ఇది ఇంకా విడ్డూరంగా కనిపిస్తుంది. జపాన్‌లో ఆయుర్దాయం 84 ఏళ్ళ దరిదాపుల్లో ఉంది, ప్రపంచంలో అందరికంటే ముందున్న కొద్ది దేశాల్లో అదొకటి. 2020లో అక్కడి మరణాల రేటు వెయ్యికి 11 దాటింది, మన రేటుకు దాదాపు రెట్టింపు. ఖతర్, యూఏఈల్లో అది 2 కూడా దాటదు. జగిత్యాల నుంచి, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్ళిన మనవాళ్ళే అందుకు కొంత కారణం. మెడికల్ పరీక్షలో నెగ్గినవాడికే వీసా. అరవై వచ్చేలోగా ఇంటికి. బతుకులోని చావు తక్కువ భాగాన్ని అరబ్బు దేశానికిచ్చి, మిగతాది జగిత్యాలకు తెచ్చుకుంటున్నాం.

అసలు మరణాల రేటు ఎంత ఉంటే మంచిది? ఈ ప్రశ్నకు చాలామంది ఆలోచించకుండా 'సున్నాకు ఎంత దగ్గరైతే అంత' అంటారు. ఒక ఊరిని ఊహించుకుందాం. ఏటా సరిగ్గా వంద మంది పుడతారు. పుట్టిన ప్రతి ఒక్కరూ సరిగ్గా 80 ఏళ్ళు బతికి పోతారు. ఎవరూ వలస రారు, పోరు. ఆ ఊరి జనాభా 8,000. ఏడాదికి పోయేవాళ్ళు 100. అంటే వెయ్యికి 12.5. చిన్న వయసు చావన్నదే లేని ఊళ్ళో, అందరూ నిండు జీవితం గడిపే ఊళ్ళో రేటు బీహార్ కంటే రెండింతలు మించింది! పెరుగుదలా తరుగుదలా వలసా లేని జనాభాలో మరణాల రేటు అంటే వెయ్యిని ఆయుర్దాయంతో భాగిస్తే వచ్చేదే, అంతకు మించి ఏమీ లేదు. ఆ లెక్కన 5.4 రేటు శాశ్వతంగా నిలవాలంటే బీహారీలు సగటున 185 ఏళ్ళు బతకాలి. యూఏఈ రేటు నిలవాలంటే 500 ఏళ్ళు పైన. ఇంత తక్కువ రేట్లన్నీ కుర్రతనం ఇచ్చిన అప్పు మీద నడుస్తున్నవే.

సరే, మరి పోల్చడం ఎలా? ఈ ప్రాంతపు రైతుకు దీని కిటుకు విడమరిచి చెప్పనక్కర్లేదు. హార్వెస్టర్ కోసిచ్చిన పచ్చి వడ్ల ట్రాక్టరునూ, నాలుగు రోజులు కల్లంలో ఎండిన వడ్ల ట్రాక్టరునూ వేబ్రిడ్జి మీద తూచి ఎవరి పొలం ఎక్కువ పండిందో చెప్పలేం. అందులో నీళ్ళెన్ని, గింజ ఎంత? కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదన్న నిబంధన అందుకే. ఇద్దరి వడ్లనూ ఒకే తేమకు తెచ్చాకే తూకానికి అర్థం. జనాభా శాస్త్రంలో చేసేదీ అదే. ఇద్దరినీ ఒకే వయసు పొందికకు తెచ్చి చూస్తారు.

అంకెలతో చేసి చూద్దాం. ఇవి లెక్క కోసం కల్పించినవి, ఏ ఊరివీ కావు. ఒకటి కాలువ కింద మిల్లులున్న ఊరు, ఇంకోటి చదువుకున్న పిల్లలంతా హైదరాబాద్ వెళ్ళిపోయిన మెట్ట ఊరు. రెండింటా 5,000 మంది చొప్పున. మిల్లు ఊళ్ళో పదిహేనేళ్ళ లోపు పిల్లలు 1,000 మంది, పదిహేను నుంచి అరవై లోపువాళ్ళు 3,500, అరవై దాటినవాళ్ళు 500. ఏడాదిలో పిల్లల్లో 2 చావులు, నడివయసుల్లో 14, పెద్దవాళ్ళలో 25. మొత్తం 41, అంటే వెయ్యికి 8.2. మెట్ట ఊళ్ళో పిల్లలు 1,000, మధ్యవాళ్ళు 3,000, పెద్దవాళ్ళు 1,000. చావులు 1, 9, 40. మొత్తం 50, వెయ్యికి 10. జిల్లా సమీక్షలో కలెక్టర్ ముందు పెడితే మెట్ట ఊరి ఆరోగ్య సిబ్బందికి అక్షింతలు పడతాయి.

ఇప్పుడు వయసుల వారీగా విడదీద్దాం. పిల్లల్లో వెయ్యికి మిల్లు ఊళ్ళో 2, మెట్ట ఊళ్ళో 1. మధ్య వయసుల్లో 4కు 3. పెద్దవాళ్ళలో 50కి 40. ఏ వయసులో చూసినా మెట్ట ఊరే మెరుగు. మొత్తం కలిపితే మాత్రం వెనకబడింది! ఇందులో గారడీ లేదు. చావు ఎక్కువగా ఉండే వయసులో ఆ ఊళ్ళో మనుషులు రెట్టింపు ఉన్నారు, అంతే.

రెండు ఊళ్ళ జనాన్నీ కలిపి ఒక ఉమ్మడి పొందిక తయారు చేద్దాం. నూటికి 20 మంది పిల్లలు, 65 మంది మధ్యవాళ్ళు, 15 మంది పెద్దలు. మిల్లు ఊరి చావుల తీరు ఈ జనాభాకు పట్టిస్తే వెయ్యికి 10.5 మంది పోతారు. మెట్ట ఊరి తీరు పట్టిస్తే 8.15. వరస తలకిందులైంది. దీన్నే వయసు సర్దిన మరణాల రేటు అంటారు. ఏ రెండు దేశాల గుండెజబ్బుల రేట్లనో, క్యాన్సర్ల రేట్లనో పోల్చే పట్టిక చూసినా చివర ఈ మాట ఉందో లేదో వెతకాలి. లేకపోతే ఆ పట్టికను పక్కన పడేయొచ్చు.

ఉమ్మడి పొందికగా దేన్ని తీసుకోవాలన్నది పాత తగాదా. 1960లో జపాన్‌కు చెందిన మిత్సువో సెగి ఒక ప్రపంచ ప్రామాణిక జనాభాను ప్రతిపాదించాడు, క్యాన్సర్ లెక్కలకు అది దశాబ్దాల పాటు వాడుకలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో తనదంటూ ఇంకొకటి ఇచ్చింది. అందులో అరవై దాటినవాళ్ళు నూటికి 12 మంది, పదిహేను లోపు పిల్లలు 26 మంది. మన రెండు ఊళ్ళనూ ఆ పొందికకు సర్దితే 9.0, 6.9 వస్తాయి. రెండు అంకెలూ మారాయి, ఎవరు మెరుగన్నది మారలేదు. ఎప్పుడూ ఇంత సాఫీగా సాగదు. ఒక ఊళ్ళో పిల్లల చావులు ఎక్కువై, ఇంకో ఊళ్ళో ముసలివాళ్ళ చావులు ఎక్కువైతే, ఏ పొందిక ఎంచుకున్నామన్న దాన్ని బట్టి గెలుపోటములు మారిపోతాయి. అలాంటప్పుడు ఒక్క అంకెతో తీర్పు చెప్పేవాణ్ణి నమ్మకపోవడమే మేలని నా అభిప్రాయం. మెట్ట ఊళ్ళో పోతున్నది వెయ్యికి 6.9 మంది కాదు, అది పోలిక కోసం కట్టిన అంకె. ఓపిక ఉన్న పాఠకుడు వయసుల పట్టికనే అడగాలి.

అసలు ఈ పోలికల తగాదా మొదలైంది లండన్‌లో, మురికివాడల మీద. 1842లో కార్మికుల పారిశుద్ధ్యం మీద పేరుమోసిన నివేదిక రాసిన ఎడ్విన్ చాడ్విక్, ప్రాంతాలను పోల్చడానికి ఒక సులువు కనిపెట్టాననుకున్నాడు. చనిపోయినవాళ్ళ సగటు వయసు లెక్కిస్తే చాలునన్నాడు. ఆ వయసు తక్కువ ఉన్న పేట అనారోగ్యకరం. 1844లో ఎఫ్. జి. పి. నైసన్ అనే బీమా గణికుడు లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో దాన్ని చీల్చి చెండాడాడు. పిల్లలు ఎక్కువున్న పేటలో పోయేవాళ్ళ సగటు వయసు ఎలాగూ తక్కువే ఉంటుందని, ఒక పేట చావుల తీరును ఇంకో పేట జనాభాకు పట్టించి చూస్తే అసలు తేడా ఎంతో తేలుతుందని చేసి చూపించాడు. పైన మనం చేసిన లెక్క మూలం అదే. చాడ్విక్ ఉద్దేశం మంచిదే, మురుగుకాలువలు కావాలన్నదీ నిజమే. సగటు మరణ వయసు మాత్రం ఇప్పటికీ చావలేదు. ఫలానా వృత్తివాళ్ళు సగటున ఇన్నేళ్ళకే పోతున్నారంటూ ఏడాదికోసారైనా ఏదో పత్రికలో కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో చనిపోయినవాళ్ళ సగటు వయసు తక్కువగా ఉండక ఏమవుతుంది? హైదరాబాద్‌లో ఎనభై ఏళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎందరున్నారు?

కోవిడ్ వచ్చినప్పుడు ఇదే తప్పు ప్రపంచమంతా మళ్ళీ చేసింది. 2020 ఫిబ్రవరి, మార్చి నాటి లెక్కల్లో సోకినవాళ్ళలో పోయినవాళ్ళు చైనాలో నూటికి 2.3, ఇటలీలో 4.3. ఇటలీ ఆసుపత్రులు కుప్పకూలాయని అందరూ అనుకున్నారు. వయసుల వారీగా విడదీస్తే ప్రతి వయసులోనూ ఇటలీ రేటే తక్కువ! ఇటలీలో కేసులుగా నమోదైనవాళ్ళలో డెబ్బై దాటినవాళ్ళు ఎక్కువ మంది ఉండటమే అంత తేడా తెచ్చింది.

అదే ఏడాది ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ చుట్టూ కేసులు బయటపడి పట్టణమంతా మూతబడింది. అప్పట్నుంచీ మన దగ్గర వినిపించిన మాట: 'మనవాళ్ళ ఒంట్లో నిరోధక శక్తి ఎక్కువ, అమెరికాలో పోయినట్టు మనవాళ్ళు పోవడం లేదు.' పసుపు, అల్లం, మిరియాలు అన్నీ ఈ ఘనతలో వాటా అడిగాయి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో ఆరోగ్య సిబ్బంది వెతికి పట్టిన 85 వేల కేసులనూ, వాళ్ళ దగ్గర మసలిన 5.75 లక్షల మందినీ పరిశీలించి రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం 2020 చివర్లో 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం వేసింది. సోకిన ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లల్లో పోయినవాళ్ళు నూటికి 0.05. ఎనభై అయిదు దాటినవాళ్ళలో 16.6. వయసుతో పాటు ఎక్కే మెట్లు మనకూ ఉన్నాయి. తేడా ఎక్కడుందంటే, అమెరికాలో కోవిడ్‌తో పోయినవాళ్ళలో సగానికి పైగా డెబ్బై ఐదు దాటినవాళ్ళు, ఈ రెండు రాష్ట్రాల్లో వాళ్ళు నూటికి 18 మందే. మన దగ్గర చావులు 50-64 ఏళ్ళ మధ్య గుమిగూడాయి. కుటుంబాన్ని ఇంకా లాగుతున్న వయసది. మిరియాల కషాయం కంటే, ముసలివాళ్ళు తక్కువున్న జనాభా ఈ అంకెలను ఎక్కువ వివరిస్తుంది.

ఊరి స్థాయికి దిగితే ఇంకో చిక్కు ఎదురవుతుంది. మెట్ట ఊళ్ళో ఈ ఏడు 50 చావులన్నాం. వచ్చే ఏడు అవి 43 కావచ్చు, 57 కావచ్చు. అందుకు ఏ కారణమూ అక్కర్లేదు, అదృష్టపు ఆట చాలు. ఇక ఆ ఊళ్ళో పిల్లల చావు ఒకటి రెండైతే ఆ వయసు రేటు రెట్టింపైపోతుంది. చిన్న జనాభాలో వయసుల వారీ రేట్లు నిలకడగా ఉండవు. అప్పుడు లెక్కను తిరగేస్తారు.

సాగర్ ఆనకట్ట కట్టిన రోజులు తీసుకోండి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసింది మొదలు పన్నెండేళ్ళ పాటు కృష్ణ ఒడ్డున వేల మంది కూలీలు రాయి మోశారు. రాతికట్టడం కాబట్టి యంత్రాల కంటే చేతులే ఎక్కువ. పాలమూరు లేబర్ పేరు దేశంలోని ఆనకట్టలన్నిటికీ తెలుసు, ఇక్కడా వాళ్ళే ముందు. వాళ్ళుండే క్యాంపుల్లో జనం ఎక్కువగా పడుచు ఈడువాళ్ళు, వెంట వాళ్ళ పిల్లలు. ఆనాటి భారతీయుడి ఆయుర్దాయం 41 ఏళ్ళ చుట్టుపక్కల. అలాంటి క్యాంపులో వెయ్యికి ఇంత మంది పోయారని లెక్కగట్టి దేశపు రేటుతో పోలిస్తే క్యాంపు స్వర్గంలా కనిపిస్తుంది. న్యాయమైన ప్రశ్న వేరు: ఇదే వయసుల్లో ఇంతే మంది మామూలుగా తమ ఊళ్ళలో ఉండి ఉంటే ఎందరు పోయేవాళ్ళు? ఆ జవాబు 60 అనుకుందాం, క్యాంపులో నిజంగా పోయినవాళ్ళు 90 అనుకుందాం. 90ని 60తో భాగిస్తే ఒకటిన్నర. వయసు తీసేశాక ఆ పని మనుషులను యాభై శాతం ఎక్కువ చంపిందన్నమాట. గనుల్లో, క్వారీల్లో, రసాయన ఫ్యాక్టరీల్లో పనివాళ్ళ చావుల మీద చేసే అధ్యయనాలు ఎక్కువగా ఈ దారే పడతాయి. అప్పుడు కూడా ఫలితం ఒక మోస్తరుగా దాక్కుంటుంది, ఎందుకంటే రాయి మోయగలిగినవాడే పనికి వస్తాడు, జబ్బుపడ్డవాడు అప్పటికే ఊరెళ్ళిపోయి ఉంటాడు.

ఇంత సర్దుబాటుకూ ఆధారం వయసు. ఆ వయసు మనకు సరిగ్గా తెలుసా? డెబ్బైకి దగ్గరపడ్డ అవ్వను అడగండి.

"అవ్వా, నీకెన్నేండ్లు?"

"ఏమో బిడ్డా, యాభయ్యో అరవయ్యో. నెహ్రూ సాగర్‌కొచ్చిన్నాడు మా అమ్మ కడుపుల ఉన్ననట."

అవ్వ లెక్క మొదటి వాక్యంలో తప్పింది, రెండో వాక్యంలో ఏడాది లోపు తేడాతో సరిపోయింది. జనాభా లెక్కలకు వెళ్ళే ఎన్యూమరేటర్లకు అందుకే ప్రాంతాన్ని బట్టి సంఘటనల పట్టిక ఉండటం రివాజు. ఈ వైపు అయితే రజాకార్ల కాలం, 1948 పోలీసు చర్య, 1951లో పోచంపల్లికి వినోబా రాక, సాగర్ శంకుస్థాపన, కాలువకు మొదటి నీళ్ళు. తొందరలో ఉన్న ఎన్యూమరేటరు మాత్రం మొదటి జవాబే రాసుకుంటాడు. మన జనాభా లెక్కల్లో 60, 65, 70 దగ్గర మనుషులు కుప్పగా పోగుపడి, 59, 61 దగ్గర పలచబడి కనిపించేది అందుకే. బడి మెట్లు ఎక్కనివాళ్ళ ఆధార్ కార్డుల్లో జనవరి 1న పుట్టినవాళ్ళు ఎంతమందో లెక్కే లేదు. ఇందులో లోతైన ఇబ్బంది ఒకటుంది. బతికున్న మనిషి వయసు తానే చెప్పుకుంటాడు, పోయాక కొడుకు చెప్తాడు. కొడుకు నాయన వయసును ఐదేళ్ళు పెంచి చెప్తే, రేటు భిన్నంలో పైనున్న చావుల అంకె ఒక వయసులో, కింద ఉన్న జనం అంకె ఇంకో వయసులో పడతాయి. అలాంటి భిన్నాన్ని ఎంత సర్దినా లాభం లేదు.

2018 ఆగస్టులో రైతు బీమా వచ్చాక తెలంగాణ పల్లెల్లో వయసుకు ఒక ధర ఏర్పడింది. పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిదేళ్ళ లోపు పట్టాదారు ఏ కారణంతో పోయినా కుటుంబానికి 5 లక్షలు. అర్హతకు ఆధార్‌లోని పుట్టినతేదీయే ప్రమాణం. ఎప్పుడో శిబిరంలో అడ్డదిడ్డంగా ఎక్కించిన సంవత్సరం ఇప్పుడు ఐదు లక్షల సంవత్సరం. వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గర ఈ విషయం మీద నడిచే వాదనలు వింటే జనాభా శాస్త్రం పాఠ్యపుస్తకం కంటే ఎక్కువ తెలుస్తుంది. రెండు మండలాల రైతు బీమా క్లెయిములు పోల్చి ఒక మండలంలో రైతులు ఎక్కువగా పోతున్నారని తేల్చేముందు కూడా, ఆ మండలంలో యాభై దాటిన పట్టాదారులెందరో చూసుకోవాలి. భూమి తండ్రి పేరు మీదే ఉండే చోట, కొడుకుకు ముందే పంచిచ్చే చోట ఆ పొందిక వేరువేరుగా ఉంటుంది.

వయసు తర్వాత చోటు. 1969 చట్టం ప్రకారం చావును అది జరిగిన చోటే నమోదు చేయాలి, మనిషి ఏ ఊరివాడన్నది రెండోది. సూర్యాపేట మండలం రైతు హైదరాబాద్ ఆసుపత్రిలో పోతే నమోదు హైదరాబాద్‌లో. కోదాడ రోగికి విజయవాడ దగ్గర, ఖమ్మం ఇంకా దగ్గర. విజయవాడలో పోతే ఆ చావు వేరే రాష్ట్రపు పుస్తకంలోకి ఎక్కుతుంది. పెద్దాసుపత్రులున్న ప్రతి నగరమూ ఈ లెక్కలో చావుల పుట్టగా, చుట్టుపక్కల జిల్లాలు ఆరోగ్యధామాలుగా కనిపిస్తాయి. 2019లో సూర్యాపేటలో, నల్గొండలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. దూరం వెళ్ళే కేసులు కొన్ని అక్కడే ఆగితే నమోదైన చావులు పెరుగుతాయి, ఆ పెరుగుదలకు కాలేజీని తిట్టిపోసేవాళ్ళూ ఉంటారు. నివాసాన్ని బట్టి రాసుకునే ఎస్సార్‌ఎస్‌కు ఈ దోషం లేదు గానీ, దాని నమూనా రాష్ట్రానికి సరిపోయేదే తప్ప జిల్లాకు సరిపోదు.

తెలుగు రాష్ట్రాల్లో రాబోయేది తేలిగ్గానే ఊహించవచ్చు, కేరళలో అది జరిగిపోయింది కాబట్టి. 1991లో కేరళ మరణాల రేటు వెయ్యికి 6.0, శిశు మరణాలు 16. 2020లో శిశు మరణాలు 6కు దిగాయి, మరణాల రేటు 7.0కు ఎక్కింది. దేశం మొత్తానికి 1971లో 14.9 ఉన్న రేటు 2020కి 6.0కు వచ్చింది, ఆ దిగుడు ఇక ఎంతో దూరం సాగదు. ఆంధ్రప్రదేశ్‌లో అరవై దాటినవాళ్ళు 2021 నాటికే నూటికి 12.4కు చేరి ఉంటారని కేంద్రం అంచనా. కాన్పులు తగ్గిపోతున్నాయనే, ఇద్దరు పిల్లలు మించితే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను అక్కడి ప్రభుత్వం 2024లో తీసేసింది. కాన్పులు తగ్గిన రెండు రాష్ట్రాల్లోనూ రానున్న ఇరవై ఏళ్ళలో మరణాల రేటు ఏటికేడు పెరుగుతుంది. ఏ ప్రభుత్వం ఉన్నా పెరుగుతుంది. ప్రతిపక్షంలో ఎవరున్నా ఆ అంకెను అసెంబ్లీలో చదువుతారు. వయసు సర్దిన రేటు అప్పటికి దిగుతూనే ఉండొచ్చు, దాన్ని అడిగేవాళ్ళు ఎందరుంటారో చూడాలి.

ఆ సర్దుబాటుకు కావలసిన వయసుల పట్టిక ప్రస్తుతానికి పాతబడింది. సూర్యాపేట జిల్లా పుట్టిందే 2016 అక్టోబర్ 11న. దాని జనాభాగా అందరూ రాసే 10.99 లక్షలు 2011 లెక్కలను కొత్త సరిహద్దులకు సర్ది తీసిన అంకె. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టి 2025 జూన్‌లో గెజిట్ ఇచ్చారు. అది పూర్తయి మండలాల వారీ వయసులు బయటికొచ్చేదాకా, ఈ జిల్లాల్లో మరణాల రేటు సర్దాలనుకునే ఎవరికైనా చేతిలో ఉన్నవి 2011 నాటి వయసులే. అప్పట్లో 45 ఏళ్ళున్న మిర్యాలగూడ రైతు 2026కి అరవైలో పడి, రైతు బీమా జాబితా నుంచి కూడా బయటికి వచ్చేశాడు.